చీరమీది బొమ్మ ఎవరి సొత్తు?

పాండేసర అచ్చుల్లో పోచంపల్లి. చట్టాల నడుమ చిక్కుకున్న నేతగాని ఊహ

సూరత్ నగరానికి దక్షిణాన, ఉధ్నా దాటిన తరువాత వచ్చే పాండేసర పారిశ్రామికవాడలోకి ముడిబట్టగా ప్రవేశించిన తాను నాలుగైదు రోజుల్లో రంగురంగుల చీరగా బయటికి వస్తుంది. బట్ట నేసేది ఇక్కడ కాదు. నగరం నలుమూలలా ఉన్న మరమగ్గాలపై తయారైన పాలియెస్టర్ బట్టను ఇక్కడి మిల్లులు ఉతికి, తెల్లబరచి, అద్దకం వేసి, బొమ్మలు అచ్చువేసి, ఆవిరిపట్టి, మళ్లీ ఉతికి, సాపుచేసి రింగురోడ్డు మీది టోకు మార్కెట్లకు పంపుతాయి. అక్కడి నుంచి అది హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం దుకాణాలకు చేరుతుంది. తెలుగునాట పెళ్లిళ్లకూ పేరంటాలకూ పెట్టుబడి చీరలుగా పంచే సరుకులో ఎంతో భాగానికి పుట్టినిల్లు సూరత్ అన్నది వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ చీరమీద ఉన్న బొమ్మకు పుట్టినిల్లు ఏది? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా దాని వెనుక రెండు ప్రాంతాల నేతగాళ్ల కూడు ఉంది. దుకాణంలో 'పోచంపల్లి ప్రింటు' అని పిలిచే చీర పోచంపల్లిలో నేసినది కాదు. యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి, దాని చుట్టుపక్కల గ్రామాలలో నూలుకు చిటికి కట్టి, రంగులో ముంచి, వారాల తరబడి మగ్గంపై తీర్చిన రూపాన్ని పాలియెస్టర్ మీద అచ్చుగుద్దితే వచ్చినది అది. అసలు చీర ధర వేలల్లో ఉంటే దీని ధర వందల్లో ఉంటుంది.

ఇందులో మరొక విషాదం కూడా దాగి ఉంది. సూరత్‌లో ఉధ్నా, లింబాయత్, పాండేసర ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారిలో అధికులు తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలవారు. చేనేత గిట్టుబాటు కాక మరమగ్గాల ఊరికి వచ్చినవారు. వారి సంఖ్యాబలం ఎంతటిదంటే సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా పాఠశాలలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడిపింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయం నగరాన్ని కుదిపివేసినప్పుడు రైళ్లు పట్టుకుని లక్షలాదిగా ఊరు విడిచిన కార్మికులలో వీరూ ఉన్నారు. భయం తగ్గగానే తిరిగి వచ్చిన వారిలోనూ ఉన్నారు. తాతలు పట్టిన పడుగును వదులుకుని వచ్చిన మనుమడు, ఆ పడుగు మీది బొమ్మనే పోలిన అచ్చుబట్టను ఆవిరి యంత్రంలోంచి లాగవలసి రావడం ఈ నగరంలో వింత ఏమీ కాదు.

నూలులో పుట్టిన మసక

ఇక్కత్ నేతలో బొమ్మ బట్టమీద పడదు, నూలులోనే పుడుతుంది. నేయడానికి ముందే పోగులను లెక్కప్రకారం పేర్చి, రంగు అంటకూడదనుకున్న చోట బిగించి కట్టి అద్దకం వేస్తారు. కట్లు విప్పి మరొక చోట కట్టి మరొక రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ పని జరగాలి. పేకకు మాత్రమే కట్టితే ఒక ఎత్తు, పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టి మగ్గంమీద రెంటినీ కలిపితే మరొక ఎత్తు. ఎంత నేర్పుగా కట్టినా పోగు వెంట్రుకవాసి అటూఇటూ జరగక మానదు. అందుకే బొమ్మ అంచు కత్తితో కోసినట్లు ఉండదు, ఈకలాగా మసకబారి ఉంటుంది. ఆ మసకే ఇక్కత్ సంతకం.

పాండేసరలో జరిగేది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పేరున్న చీరను కొనో, దాని ఫొటో సంపాదించో డిజైన్ స్టూడియోకు ఇస్తారు. అక్కడి చిత్రకారుడు కంప్యూటరుమీద దానిని విడదీసి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క తెర చొప్పున తయారు చేయిస్తాడు. తిరుగుడు తెరలతో నడిచే యంత్రమైతే బొమ్మ సాధారణంగా 64 సెంటీమీటర్లకు ఒకసారి పునరావృతం కావాలి. యంత్రం చుట్టుకొలతను బట్టి అసలు చీరలోని అల్లికను కుదించి కత్తిరించక తప్పదు. అన్నిటికంటే చమత్కారం ఏమంటే, నేతగాని చేతిలో అప్రయత్నంగా వచ్చే ఆ మసక అంచును ఇక్కడ చిత్రకారుడు పనిగట్టుకుని గీయాలి. అంచు మరీ సాఫీగా ఉంటే అది ఇక్కత్‌లా కనిపించదు మరి. పోగు చేసిన పొరపాటుకు కూడా నకలు తీయవలసి రావడం బహుశా ప్రపంచంలో మరే వృత్తిలోనూ ఉండకపోవచ్చు.

డిజిటల్ అచ్చు యంత్రాలు వచ్చిన తరువాత తెరల అవసరమూ తీరిపోయింది. ఫోనులో వచ్చిన బొమ్మ కంప్యూటరు దాటి నేరుగా బట్టమీదికి పోతోంది. లోగడ ఒక డిజైను మార్కెట్లో నిలదొక్కుకున్న తరువాతగాని దాని నకలు వచ్చేది కాదు. తెరలు చేయించే ఖర్చుకు భయపడి చాలామంది వెనుకాడేవారు. ఇప్పుడు కొత్త బొమ్మ దుకాణంలో వేలాడదీసిన వారంలోనే దాని కవల సోదరి పక్క దుకాణంలో ప్రత్యక్షమవుతోంది. నకలుబారిన పడేది పోచంపల్లి ఒక్కటే కాదు. సూరత్ వ్యాపారులూ ఒకరి డిజైన్లను మరొకరు ఎత్తుకుపోతున్నారని ఒకరిమీద ఒకరు ఫిర్యాదు చేసుకుంటూనే ఉంటారు.

నవలకు అరవై ఏళ్లు, చీరకు పదిహేను

మన చట్టం దృష్టిలో కథ రాసినవాడికీ బొమ్మ గీసినవాడికీ హక్కు ఒకే చోట మొదలవుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నవల సాహిత్య రచన, కాగితంమీది బొమ్మ కళాత్మక రచన. రెండింటికీ ఎక్కడా నమోదు అక్కరలేకుండానే రక్షణ ఉంది. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. లోగడ ఇది 50 ఏళ్లే. రవీంద్రనాథ్ టాగోర్ రచనలపై హక్కులు 1991తో ముగియనున్న దశలో పార్లమెంటు దానిని 60కి పెంచింది.

కాని బొమ్మ కాగితం దిగి బట్ట ఎక్కిందంటే కథ మారిపోతుంది. అదే చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం డిజైనుగా నమోదు చేయదగిన బొమ్మను నమోదు చేయించకుండా, యజమానిగాని, అతని అనుమతితో మరొకరుగాని పారిశ్రామిక ప్రక్రియలో 50 సార్లకు మించి వస్తువులపై వేస్తే ఆ బొమ్మపై కాపీరైట్ అంతరించిపోతుంది. యాభై చీరల వరకు అది కళ, యాభై ఒకటో చీరతో సరుకు. నవల లక్ష ప్రతులు అమ్ముడైతే రచయిత హక్కు చెక్కుచెదరదు. చీర యాభై దాటి అమ్ముడైతే మాత్రం బొమ్మ గీసినవాడి హక్కు చల్లగా జారుకుంటుంది.

సోఫాలకూ కుర్చీలకూ వాడే బట్టల డిజైన్లకు సంబంధించిన మైక్రోఫైబర్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2009లో ఈ సెక్షన్‌నే ఆధారం చేసుకుని కాపీరైట్ వాదనను తోసిపుచ్చింది. అంతకు ముందు సంవత్సరమే తహిలియాని సంస్థ కేసులో అదే హైకోర్టు, 50కి మించకుండా పరిమితంగా తయారైన ఖరీదైన దుస్తుల బొమ్మలకు కాపీరైట్ రక్షణ కల్పించింది. వెరసి తేలిందేమిటి? కొద్దిమంది ధనికులకోసం కొద్దిగా తయారుచేసేవారికి చట్టం గొడుగు పడుతుంది, వందలాది ఇళ్లకు సరిపడా నేసేవారు నమోదు చేయించుకోకపోతే ఆ గొడుగు ముడుచుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరొకసారి ఈ సెక్షన్ గుట్టు విప్పే ప్రయత్నం చేసింది. ఆ వివాదం చీరలది కాదు, వడోదర కోర్టులో మొదలైన గ్యాస్ రవాణా ట్రైలర్ల నమూనాలది. ముందుగా ఆ గీత స్వయంగా కళాఖండమా లేక దాని నుంచి పారిశ్రామికంగా రూపొందిన డిజైనా తేల్చాలి, ఆ తరువాత అది కంటికి నచ్చడానికా, పనికి వాడడానికా అన్నది చూడాలి అని న్యాయస్థానం దారి చూపింది.

సరే, 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే సరిపోతుంది కదా అన్న సందేహం కలగవచ్చు. ఆ చట్టం పదేళ్లు, పొడిగింపుతో మరో అయిదేళ్లు రక్షణ ఇస్తుంది. చేతితో చేసినదైనా, యంత్రంతో చేసినదైనా డిజైను డిజైనే. వ్యక్తులు చెల్లించవలసిన దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే డిజైను కొత్తదై ఉండాలి, దరఖాస్తుకు ముందు ఎక్కడా వెల్లడి కాకుండా ఉండాలి. తాతముత్తాతల నాటి రూపాలకు ఈ తలుపు మొదటే మూసుకుంది. ఇక నేతగాడు కొత్తగా ఊహించిన రూపం సంగతి. అది కొనుగోలుదారులకు నచ్చుతుందో లేదో మార్కెట్లో పెట్టి చూస్తేగాని తెలియదు. పెట్టి చూశాడంటే అది పాతదైపోతుంది. నచ్చుతుందో లేదో తెలియని ప్రతి చీరకూ ముందుగానే కోల్‌కతాలోని పేటెంట్ కార్యాలయానికి కాగితాలు పంపుకుంటూ కూర్చుంటే మగ్గం ఎప్పుడు నడవాలి?

ఉల్లంఘన రుజువైనా దక్కేది స్వల్పం. ఒక్కొక్క ఉల్లంఘనకు 25 వేల రూపాయలకు మించకుండా, ఒక డిజైనుకు మొత్తంమీద 50 వేలకు మించకుండా వసూలు చేసుకోవచ్చునని ఆ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. అది వద్దనుకుంటే నష్టపరిహారంకోసం, నిషేధపు ఉత్తర్వుకోసం దావా వేసుకోవచ్చు. జైలుశిక్ష లేదు. కాపీరైట్ ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు ఉన్నదన్న విషయం ఇక్కడ గమనార్హం.

కథల కోర్టులో కొలబద్ద

కథలు, నాటకాల విషయంలో అసలుకూ నకలుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. తన నాటకం 'హమ్ హిందుస్తానీ'ని 'న్యూఢిల్లీ' అనే హిందీ చిత్రంగా తీశారన్నది ఆనంద్ ఫిర్యాదు. ఇతివృత్తంపై ఎవరికీ గుత్తాధిపత్యం లేదనీ, దానిని చెప్పిన తీరుకే రక్షణ ఉందనీ, రెండూ చూసిన మామూలు ప్రేక్షకునికి ఇది దాని నకలే అని నిస్సందేహంగా తోచాలనీ న్యాయస్థానం తేల్చింది. ఆనంద్ ఓడిపోయారు.

తెలుగు పాఠకునికి ఈ తరహా వివాదం కొత్తది కాదు. వారపత్రికల సీరియళ్ల కాలంలో ఏ నవల ఏ ఇంగ్లిషు పుస్తకానికి చుట్టమో అన్నది అరుగుల మీద నిత్యచర్చ. ఇటీవలి ఉదాహరణ 'శ్రీమంతుడు'. 2015లో విడుదలైన ఆ చిత్రానికి స్వాతి పత్రికలో వచ్చిన తన 'చచ్చేంత ప్రేమ' నవలే మూలమని రచయిత శరత్ చంద్ర నాంపల్లి కోర్టుకెక్కారు. క్రిమినల్ కేసును కొట్టివేయాలని దర్శకుడు కొరటాల శివ సుప్రీంకోర్టు దాకా వెళ్లగా 2024 జనవరిలో ఆ కోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. దీనర్థం ఆరోపణ రుజువైందని కాదు. విచారణ ఎదుర్కోవలసిందేనని మాత్రమే.

ఆనంద్ కేసు కొలబద్దను చీరకు పెట్టి చూడవచ్చునా? మామూలు కొనుగోలుదారు కంటికి ఒకటి మరొకదానిలా కనిపించడమే ప్రమాణమైతే పాండేసర అచ్చుకు తప్పించుకునే దారి ఉండదు. అది కనిపించాలనే తయారయింది. హేళన అనే మినహాయింపూ దానికి వర్తించదు. పేరడీ రాసేవాడు మూలాన్ని పాఠకుడు గుర్తుపట్టాలనే కోరుకుంటాడు, గుర్తుపట్టకపోతే నవ్వు పుట్టదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలను ఆస్వాదించినవారికి ఇది తెలిసిన సంగతే. మూలాన్ని విమర్శించడానికే దానిలోని భాగాలను వాడుకున్న ప్రతినాటకాన్ని అడ్డుకోరాదని 1996లో కేరళ హైకోర్టు సివిక్ చంద్రన్ కేసులో భావించింది. అచ్చు చీర మూలాన్ని విమర్శించదు, వెక్కిరించదు. దాని స్థానంలో తాను కూర్చుంటుంది. కాబట్టి చిక్కంతా నకలు అవునా కాదా అన్నచోట లేదు. చీరకు ఆ కోర్టులో ప్రవేశమే దొరకడం లేదు.

సినిమా బొమ్మల సంగతి వేరు. 2022లో 'పుష్ప' చిత్రం బొమ్మలు అచ్చువేసిన చీరలు సూరత్ నుంచి వెలువడి పత్రికలకెక్కాయి. చిత్రంలోని దృశ్యానికి ఫొటో తీసే హక్కు సహా నిర్మాతకే దఖలుపరచింది చట్టం. పుష్పరాజ్‌కు అడిగే నాథుడున్నాడు. చిటికి కట్టిన చిలుకకూ ఏనుగుకూ లేడు.

పేరుకు కాపలా

ఈ లోటు తీర్చడానికే భౌగోళిక గుర్తింపు చట్టం వచ్చిందన్నది ప్రచారం. 1999లో పార్లమెంటు ఆమోదించగా 2003 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టం కింద తొలినాళ్లలోనే నమోదైనవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. 2005లో ఆ గుర్తింపు దక్కినప్పుడు చేనేత కుటుంబాలలో పండుగ వాతావరణం నెలకొంది. స్థానిక చేనేత సహకార సంఘం, పట్టుచీరల ఉత్పత్తిదారుల సంఘం కలిసి సాధించిన విజయమది. అయితే ఈ చట్టం ప్రధానంగా కాపాడేది పేరును. అచ్చు చీరను 'పోచంపల్లి' అని రాసి అమ్మితే నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. అదే చీరను ఏ పేరూ లేకుండానో, మరేదో ముద్దుపేరుతోనో అమ్మితే చట్టం పట్టు సడలిపోతుంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టమూ అంతే. మొదట 22 రకాలను చేనేతకు కేటాయించిన ఆ చట్టం తరువాత 11కు కుదించుకుపోయింది. అది చూసేది నేసే మగ్గాన్ని. అచ్చువేసే బల్లను కాదు.

పోచంపల్లి పక్షాన వాదించేవారు సాధారణంగా దాటవేసే సంగతి ఒకటుంది. చిలుకలు, ఏనుగులు, గళ్లలో పూలు తీర్చే పటోలా రూపాలు గుజరాత్‌లోని పటాన్‌వి. తెలుగునాట ఈ విద్యకు తొలి ఆనవాలు చీరాల తేలియా రుమాళ్లు. ఎడారి దేశాలకూ ఆఫ్రికా తీరానికీ ఎగుమతి అయిన ఆ రుమాళ్ల పనితనం 20వ శతాబ్ది తొలి దశకాలలో పోచంపల్లి ప్రాంతానికి చేరింది. తరువాతి కాలంలో రుమాలు తగ్గి చీర పెరిగింది, నూలు పక్కన పట్టు వచ్చింది, చీర కొంగుమీదికి పటాన్ చిలుకలూ వచ్చి వాలాయి. పటాన్ చీర లక్షల్లో పలుకుతుంటే పోచంపల్లి అదే తరహాను అందులో కొద్దిపాటి ధరకు అందించింది. పటాన్ పటోలాకూ అనంతరం భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ విధంగా గుజరాత్ చిలుక తెలంగాణకు ఎగిరివచ్చి, మళ్లీ పాండేసరలో అచ్చుబొమ్మగా సొంతగూటికి చేరింది.

అంతమాత్రాన ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. పోచంపల్లి నేతగాడు రూపాన్ని తీసుకున్నా ప్రతి పోగునూ తానే కట్టి, తానే ముంచి, తానే నేశాడు. తనదైన రంగులు, తనదైన లెక్కలు చేర్చాడు. చిత్రకారులు గురువును చూసి గీసినట్లే, రచయితలు ముందటి కథను తిరిగి చెప్పినట్లే ఇదీను. అచ్చుయంత్రం అరువు తెచ్చుకున్నది ఫలితాన్ని మాత్రమే, శ్రమను కాదు. స్వంత కల్పనకు చేనేతలో చోటు లేదన్నవారికి చింతకింది మల్లేశం సమాధానం. చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూఇటూ తిప్పి ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక ఆయన 1999లో యంత్రాన్ని తయారుచేశారు. పేటెంట్ పొందారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రానికి దొరికిన రక్షణ ఆ యంత్రంమీద పోసిన నూలులోని బొమ్మకు దొరకకపోవడమే విచిత్రం.

పాండేసర వాదన

మిల్లు యజమానుల మాట వేరేగా ఉంటుంది. బట్ట తమది కాదు, డిజైనూ తమది కాదు, మీటరుకు ఇంత అని కూలికి అచ్చువేసి ఇస్తామంటారు వారు. ఈ పద్ధతినే ఇక్కడ జాబ్‌వర్క్ అంటారు. తప్పు ఉంటే అది బొమ్మ తెచ్చిన వ్యాపారిది. వ్యాపారిని అడిగితే తాను స్టూడియోలో డబ్బిచ్చి కొన్నానంటాడు. స్టూడియోలో గీసినవాడు నెలజీతగాడు. చట్టం దృష్టిలో అతను గీసినదానికి తొలి యజమాని అతనికి జీతమిచ్చేవాడే. చట్టం మాత్రం అనుమతి లేకుండా అమ్మకంకోసం డిజైను వేయడాన్నీ, అది నకలని తెలిసి అమ్మకానికి పెట్టడాన్నీ రెండింటినీ ఉల్లంఘనగానే పరిగణిస్తుంది. ఈ నలుగురిలో ఎవరిని పట్టుకోవాలన్నది తేల్చుకునేలోగా ఆ డిజైను మోజు తీరి మార్కెట్లోంచి మాయమవుతుంది.

తక్కువ ధర చీరలు అవసరమే కదా అన్న వాదనలోనూ బలం లేకపోలేదు. పట్టు ఇక్కత్ కొనగలిగినవారు ఎందరు? 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచినప్పుడు సిరిసిల్ల మరమగ్గాల సామర్థ్యం చాలక కొంత సరుకును సూరత్ నుంచే తెప్పించవలసి వచ్చింది. ఆ చీరలపై అసంతృప్తి వెల్లువెత్తడం, తరువాతి సంవత్సరాలలో ఆర్డర్లు సిరిసిల్లకు మళ్లడం తెలిసిందే. పేదయింటి ఇల్లాలికి ఇక్కత్‌లాంటి బొమ్మ ఉన్న చీర కట్టుకోవాలన్న ముచ్చట ఉండరాదని ఎవరూ అనరు. ఆ బొమ్మకు మూలమైన ఊరికి అందులో చిల్లిగవ్వ కూడా రాకపోవడమే పేచీ. నవలను సినిమా తీస్తే రచయితకు హక్కుల సొమ్ము ముడుతుంది. అదే పద్ధతిని డిజైన్లకు వర్తింపజేసి, అచ్చువేసే మిల్లు నేత సంఘానికి మీటరుకు ఇంత అని చెల్లించే ఒప్పందాలు ఎందుకు కుదరకూడదు? చట్టం ఇందుకు అడ్డు చెప్పడం లేదు. చెల్లించకుండానే పని జరుగుతున్నప్పుడు చెల్లించడానికి ఎవరు ముందుకు వస్తారన్నదే అసలు ప్రశ్న.

ఈలోగా నేతగాని చేతిలో ఉన్నవి చిన్న సాధనాలు. భౌగోళిక గుర్తింపును వాడుకునే అధీకృత వినియోగదారుగా ఎవరికివారు నమోదు కావలసి ఉంది. ఆ రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. ఆ నమోదు ఉన్న నేతగాడు తన పేరుమీదే ఫిర్యాదుకు దిగవచ్చు. చేనేత గుర్తు 2006 నుంచి, పట్టు గుర్తు 2004 నుంచి అమలులో ఉన్నాయి. దుకాణానికి వెళ్లిన కొనుగోలుదారుకు ఇవేవీ కనిపించకపోయినా చీరను తిరగేసి చూసుకునే వీలుంది. అచ్చు చీరలో రంగు ఒక్క ముఖానికే నిండుగా ఉండి వెనుక వెలవెలపోతుంది. ఇక్కత్ చీరలో రంగు పోగులోనే ఉన్నది కనుక ఏది ముందో ఏది వెనుకో చెప్పడం కష్టం.